వైశ్వానరుడును శ్వానమును

సర్వప్రాణుల దేహములయందును వైశ్వానరాగ్నిరూపమున నుండి, అవి భుజించు నన్నమును జీర్ణము చేయువాడను నేనే యని భగవానుడు గీత పదునైదవ యధ్యాయమున నర్జునునకు జెప్పినాడు. విస్తరిముందు గూర్చుండి యా శ్లోకమును బఠించి, పరిషేచనము గావించి, పిదప నన్నమును ముట్టు పెద్దలు మన తెలుగు గృహములలో నేటికిని గలరు. పఠించువారి యుదరమున నేయగ్ని వెలుగుచున్నదో, వంటయింటి గడపకావల ముందుకాళ్లపై మోము జేర్చి వేచియుండు చిన్న కుక్క యుదరమునను నాయగ్నియే వెలుగుచున్నదని యొప్పుకొనుటకు వారికి నభ్యంతర ముండదు. అగ్ని యొక్కటియే యైనపుడు హవిస్సును నొక్కటియే కావలదా? ఒకరికి నమృతప్రాయమైన నేతిముద్ద వేఱొక ప్రాణికి వాంతియై, అతిసారమై, ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకమై పరిణమించుట యెట్లు? వేదాంతులు దీనిని స్వల్పవిషయముగా నెంచి విడిచిరేమో కాని, కుక్కను బెంచు గృహస్థునకు మాత్ర మిది స్వల్పవిషయము గాదు.

జమ్‌షెడ్‌పూరు నగరమున, సుబర్ణరేఖానదికి జేరువలో, బారిడీహ్ అను పేట గలదు. ఉక్కు కర్మాగారమున బనికై శ్రీకాకుళము మొదలగు ఉత్తరాంధ్ర సీమలనుండి తాతలనాడు తరలివచ్చి యీ నగరమున వేళ్లూనిన తెలుగు కుటుంబములు పెక్కు. క్వార్టర్ల యిఱుకు వాకిళ్లలో బెద్దజాతి కుక్కలకు జోటు చాలదు. కావున మనవారు పమేరియన్ అని పిలుచుకొను తెల్లని బొచ్చుకుక్కయే యిట్టి యిండ్లకు జక్కగా నమరును. అట్టి యొక యింట సత్యనారాయణవ్రతము జరుగుచున్నదని తలపుడు. గోధుమనూక, పంచదార, నేయి, జీడిపప్పు, ఎండుద్రాక్ష చేర్చి వండిన ప్రసాదము పంచబడును. ఇంటి మామ్మగారు కుక్కకును నొక పిడికెడు పెట్టుమందురు; పశువైద్యుని మాట వినివచ్చిన మనుమడు పెట్టవలదనును. “ప్రసాదమునకు దోషమేమిరా?” యని యామె యడిగిన ప్రశ్నకు మనుమనియొద్ద సమాధాన ముండదు, ఏలయనగా నతడు నేర్చినది వైద్యము, ఆమె యడిగినది ధర్మము.

మామ్మగారి భయమును దీసివేయదగదు. ఆ వ్రతకథ విన్నవారికి బ్రసాదతిరస్కారము సామాన్యదోషముగా దోచదు. భర్త యోడ వచ్చినదని విని ప్రసాదమును మఱచి పరుగెత్తిన కళావతికి బతి కానరాకపోయెను. గొల్లలు చేసిన పూజను జిన్నచూపు చూచి ప్రసాదమును విడిచిపోయిన తుంగధ్వజమహారాజునకు బుత్రులును, ఐశ్వర్యమును నశించినవి. కాని యా కథలను నిదానముగా బరిశీలించినచో, కళావతియందలి దోషము త్వర, రాజునందలి దోషము గర్వము. ఈ రెండును మనుష్యుని చిత్తవికారములు. ఎండుద్రాక్ష తన కుక్క మూత్రపిండములను జెఱచునని తెలిసి దానిని బెట్టక నిలిపిన గృహస్థునియందు త్వర యెచట? గర్వ మెచట? ప్రసాదమును దాను గన్నుల కద్దుకొని స్వీకరించి, కుక్కకు దాని పాత్రలో దానికి దగిన యన్నమును బెట్టినచో, ఆ కుక్క కడుపులోనున్న వైశ్వానరునకు నైవేద్యము సక్రమముగనే జరిగినది. ద్రాక్ష దొరకలేదని యలుగు దేవుడు కాడాయన.

ద్రాక్షపండు, ఎండినదైనను బచ్చిదైనను, కుక్కలకు విషమని పశువైద్యులు నిర్ధారించినారు. ఎంత మాత్ర హానికరమో ముందుగా జెప్పుటకు వీలులేదనియు, ఒక కుక్క గుప్పెడు తిని బ్రతుకగా మఱియొకటి కొలదిపండ్లకే మూత్రపిండములు చెడి మరణింపవచ్చుననియు వారందురు. ఉల్లియు వెల్లుల్లియు దాని రక్తకణములను విఱుచును. చాకొలెట్టునందలి థియోబ్రోమిన్ అను ద్రవ్యమును దాని దేహము మనవలె ద్వరగా వెడలగొట్టజాలదు. ఇక నేయి, మీగడ, నూనెలో వేచిన పిండివంటలు: వీనివలన గ్లోమమునకు వాపు పుట్టి, కుక్క తిండి మాని, వమనములతో గడుపునొప్పితో గృశించును. పరిమాణమునుగూడ మనము విస్మరింతుము. మూడు కిలోల కుక్కకు 50 గ్రాముల లడ్డు పెట్టుట, దేహభారమునుబట్టి లెక్కించినచో, అఱువది కిలోల మనుష్యునిచేత నొక్క పర్యాయమున గిలో లడ్డు తినిపించుటతో సమానము. అంత తినుమని మామ్మగారు మనుమని బలవంతపెట్టరు గదా.

ఈ ప్రాంతపు హిందీ వాడుకలో “కుత్తే కో ఘీ హజమ్ నహీఁ హోతా” యని యొక సామెత గలదు. కుక్కకు నేయి యఱుగదని భావము. అల్పునకు గౌరవము నిలువదని యెత్తిపొడుచుటకు దానిని వాడుదురు. వైద్యముగా జూచిన నా సామెత చాలవఱకు సత్యము. తిట్టుగా జూచిన నన్యాయము. నేయి యఱుగకపోవుట కుక్క యల్పత్వము గాదు, దాని ప్రకృతి. 

సమదర్శనమునకును సమవర్తనమునకును గల భేదమును గుర్తింపక మనము చిక్కులలో బడుచున్నాము. విద్యావినయసంపన్నుడగు బ్రాహ్మణునియందును, గోవునందును, ఏనుగునందును, కుక్కయందును బండితులు సమదృష్టి గలవారని గీత చెప్పినది. చూపు సమము గావలెనని చెప్పినదే కాని, ఏనుగునకు బెట్టు చెఱకును గుక్కకును బెట్టుమని చెప్పలేదు. అదియునుగాక దానమును గూర్చిన ప్రసంగమున, దేశమును గాలమును బాత్రమును నెఱిగి యిచ్చినదే సాత్త్వికదానమని యా గ్రంథమే విధించినది. ఇచ్చువాని యానందమును గొలతగా గొన్న దానము రాజసమే యగును. మన మమకారపు ముద్దలు పెక్కు లీ వర్గమునకు జెందినవి.

తెలుగుదేశమున బహుళముగా ననుసరింపబడు నాపస్తంబుని ధర్మసూత్రము, వైశ్వదేవాంతమున వచ్చినవారి కందఱకును, కుక్కలతోడను జండాలురతోడను సహా, భాగము కల్పింపుమని గృహస్థునకు విధించుచున్నది. మనుస్మృతి మూడవ యధ్యాయమున, శ్వానములకును గాకులకును గ్రిములకును బెట్టు బలియన్నమును నేలపై మెల్లగా నుంచుమని చెప్పబడినది. దుమ్ము తగులకుండుటకే యిట్లు విధించెనని వ్యాఖ్యాతల యాశయము. ఆ గ్రంథములు మనుష్యులలో గొందఱను శ్వానములతో నొక్క వరుసను గూర్చిన తీరు నేడు మన మంగీకరింపదగినది గాదు. ఆ మాట చెప్పకుండ ముందునకు బోవుట నాకు సమ్మతము గాదు. కాని కుక్క తినబోవు మెతుకునకు దుమ్మంటరాదను నా శ్రద్ధయందు, మిగిలిపోయి పులిసిన కూరను వేసవి యపరాహ్ణమున గుక్క గిన్నెలో గుమ్మరించు మనము నేర్చుకొనదగిన దున్నది.

ఈ విషయమున జమ్‌షెడ్‌పూరునకు వేఱొక ప్రత్యేకత గలదు. ఈ నగరమునకు 1919లో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు ప్రభువు జంషెట్జీ టాటా పేర నామకరణము చేసినాడు. ఆ మహనీయుడు పార్సీ, జరతుష్ట్రమతస్థుడు. లోకమునందలి మతగ్రంథములలో గుక్క యాహారమును గూర్చి యంత విపులముగా శాసించినది వారి వెందిదాద్ వంటిది మఱియొకటి నే నెఱుగను. అందు బదుమూడవ ప్రకరణమున, మందకుక్కకు జెడ్డతిండి పెట్టుట ప్రథమశ్రేణి గృహయజమానునకు జెడ్డతిండి వడ్డించుటతో సమానమైన యపరాధ మని కలదు; ఇంటికుక్కకు మధ్యమశ్రేణి యజమానుని పోలికయు, పిల్లకుక్కకు యువకుని పోలికయు జెప్పబడినవి. పదునైదవ ప్రకరణము మఱింత సూక్ష్మముగా బోయి, గొంతున దిగబడు గట్టియెముకను గాని నోరు కాల్చు వేడియన్నమును గాని కుక్కకు బెట్టుటను మహాపాపములలో జేర్చినది. కుక్కకు మతి చెడినచో, స్వమతస్థుడైన మనుష్యునకు జేయు చికిత్సయే దానికిని జేయవలెనని వేఱొకచోట నాదేశము. బొంబాయిలో 1832వ సంవత్సరమున వీథికుక్కలను జంపించు ప్రభుత్వపు టుత్తరువునకు బ్రతిగా బార్సీలు తిరుగబడి యలజడి చేయుట యీ విశ్వాసమునుండి పుట్టినదే.

అయితే యా వెందిదాదే పాలును గ్రొవ్వును మాంసమును గుక్కకు దగిన యాహార మని చెప్పినది. ఇరాను పీఠభూమిని దోడేళ్లతో బోరాడుచు మందలను గాచిన మహాకాయమునకు గ్రొవ్వు పథ్యమే. క్వార్టరులో బంకాక్రింద నిదురించు మూడు కిలోల ప్రాణి కది యపథ్యము. పాలును నంతియే, పెరిగిన కుక్కలలో బెక్కింటికి బాలయందలి శర్కరను జీర్ణించుకొను శక్తి తగ్గిపోవును గనుక విరేచనములు పట్టుకొనును. శాస్త్రమును దేశకాలములనుండి వేఱుచేసి పాటించినచో శాస్త్రమే యపరాధమున కుపకరణ మగును.

మన చరకసంహిత యీ సూక్ష్మమును జక్కగా గ్రహించినది. ఆహారవిధికి సంబంధించిన యెనిమిది విశేషములను జెప్పుచు, ద్రవ్యస్వభావము, సంస్కారము, సంయోగము, రాశి, దేశము, కాలము, ఉపయోగనియమము అని యేడింటిని బేర్కొని, ఎనిమిదవదానిగా దినువానినే చేర్చినది. వంటకము మంచిదా చెడ్డదా యని విడిగా బ్రశ్నించుట కర్థము లేదు, ఎవరి కడుపునకు? మఱియు నహితమైన యలవాటును నొక్కమాఱుగా విడువక, పాదము చొప్పున దానిని దగ్గించుచు, పాదము చొప్పున హితమైనదానిని బెంచుమని చరకుడు సూత్రస్థానమున నుపదేశించినాడు. కుక్క యాహారమును మార్చునపుడు పాతదానిలో నాల్గవవంతు క్రొత్తది కలిపి, పిదప సగము, పిదప ముప్పాతిక చేయుచు వారము పదిదినములలో ముగింపుమని నేటి పశువైద్యులు చెప్పునదియు నక్షరాల నిదియే. ఈ రెండింటికి నడుమ బారంపర్య మున్నదని నేననుటలేదు. కడుపు సత్యము చెప్పుచుండగా వినినవా రెవరైనను నిచటికే చేరుదురు.

లంఘనము పరమౌషధ మని మనవా రందురు. కుక్క యొకటి రెండు మాఱులు వమనము చేసినంతనే ఏకాదశీవ్రతము పట్టించినట్లు దానికి దిండి మాన్పించు నాచార మిందుండి పుట్టినది. దృఢకాయమైన పెద్దకుక్క కొన్ని గంటలు తిండి లేక యుండిన హాని లేదు. కాని కూనలును, చేతిలో నిముడు చిన్నజాతి కుక్కలును దీర్ఘముగా బస్తుండినచో రక్తమునందలి శర్కర పడిపోయి, తూలి, మూర్ఛిల్లవచ్చును. ఉపవాస మనునది సంకల్పము గల జీవుని వ్రతము. సంకల్పము లేని జీవునిపై దానిని మోపినచో నది యాకలియే కాని తపస్సు కాదు. నీటిని మాత్ర మెడతెగక కొంచెము కొంచెముగా నందించుచు, వమనము తగ్గినపిదప మెత్తగా నుడికించిన తెల్లయన్నము రెండు మూడు పాళ్లును, చర్మమును గ్రొవ్వును దీసి యుడికించిన కోడిమాంస మొకపాలును, ఉప్పు కారము నూనె పసుపు తాళింపు లేమియు లేక, దినమునకు నాలుగైదు మాఱులు స్వల్పముగా బెట్టుట నేటి పథ్యము. రెండుమూడు దినములలో మలము గట్టిపడినంతట బాత యాహారమునకు గ్రమముగా మరలవలెను.

ఇందొక విచిత్రమును జెప్పవలెను. కడుపునొప్పి తీవ్రముగా నున్న కుక్క ముందుకాళ్లు చాచి, ఱొమ్మును నేలకు దాకించి, పిఱుదులను బైకెత్తి నిలుచును. పశువైద్యులు దీనిని బ్రార్థనాసన మని వ్యవహరింతురు; క్లోమపువాపునకు నిది యొక లక్షణము. పూజగది యెదుట గుక్క యిట్లు వంగినచో భక్తిగృహమున దానిని నమస్కారముగా భావించి మురియుట యసంభవము గాదు. ఆడుకొనబిలుచునపుడును గుక్క యించుక యిట్లే వంగును గాని, అపుడు తోక యాడును, కన్నులు మెఱయును. నొప్పిచే వంగినపు డా భంగిమనే మరల మరల బట్టుచు, తిండి నొల్లక, తాకనీయదు.

రోగము దాని ప్రారబ్ధమనియు, దానిని మనము మాన్పబూనుట కర్మకడ్డుపడుట యనియు జెప్పు పండితుడొకడు ప్రతి వీథిలోనుండును. ప్రారబ్ధమే యైనచో, నేతిముద్ద పెట్టిన చేయి యా ప్రారబ్ధమున కుపకరణమైనట్లే మందిచ్చు చేయియు గావచ్చును. మొదటిదానికి మాత్ర మధికారమిచ్చి రెండవదానికి నిరాకరించు కర్మసిద్ధాంతము సోమరితనమునకు వేసిన వేషము. దీనికింతకన్న సమాధాన మనవసరము.

ఋణమును గూర్చి మాత్రము విస్తరించి చెప్పవలసియున్నది. మనుష్యుడు దేవర్షిపితృఋణములతో జన్మించునని మన పెద్దలు చెప్పిరి. జఠరాగ్ని విషయమున మనకు శ్వానఋణముగూడ గలదు. ఆహారము చేరకముందే జీర్ణరసము లూరుననియు, నాడులు వానిని బ్రేరేపించుననియు రుజువు చేసి 1904లో నోబెల్ బహుమానము నందిన రష్యాదేశపు పావ్లోవు, ఆ సత్యములను గుక్కల యుదరములను దెఱచి చూచి కనుగొన్నాడు. 1889లో స్ట్రాస్‌బర్గులో మింకోవ్‌స్కీయు మేరింగును గుక్క క్లోమమును దొలగించినపుడే మధుమేహముతో దానికి గల సంబంధము బయల్పడినది. 1921లో టొరంటోలో బాంటింగు, బెస్టు లనువారు క్లోమసారమును మొదట బరీక్షించినదియు గుక్కలపైననే. నేడు బారిడీహ్‌లో నింజక్షను పుచ్చుకొని భోజనమునకు గూర్చుండు ప్రతి మధుమేహరోగియు నా మూగజీవులకు ఋణగ్రస్తుడు.

అంతకన్నను బ్రాచీనమైన బాంధవ్య మొకటి 2013లో వెలువడినది. పిండిపదార్థమును జీర్ణించు రసమును బుట్టించు జన్యువు తోడేలునకు రెండు ప్రతులుగా మాత్ర ముండగా, కుక్కలకు నాలుగు మొదలు ముప్పదివఱకు నున్నదని స్వీడనుదేశపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కృషి చేసి ధాన్యము పండించిన మనుష్యుని యింటిముంగిట వేలయేండ్లు మెతుకులు తిని, ఆ ప్రాణి తన యగ్నినే మనకనుగుణముగా మార్చుకొన్నది. మన యన్నమున కది తన దేహమును దిద్దుకొనగా, దాని దేహమునకు మన యన్నమును గొంచెము దిద్దుకొనుట మనకు భారమా?

మాంసమును గూర్చిన సంశయము మిగిలియున్నది. జన్మతః శాకాహారులైన యింట, వైద్యుడు కోడిమాంసమును జెప్పినపుడు అహింసావ్రతమునకును జీవకారుణ్యమునకును సంఘర్షణ పుట్టును. పిల్లివలె మాంసము లేనిచో బ్రతుకజాలని జీవి కాదు కుక్క. పోషకాంశము లన్నియు సమకూర్చి, పశువైద్యుని పర్యవేక్షణమున శాకాహారముతో దానిని బోషింపవచ్చును. కావున వ్రతభంగ మనివార్యము గాదు. కడుపు చెడిన దినములలోగూడ గొవ్వులేని పెరుగుతో నన్నమును బెట్టి చూడవచ్చునా యని వైద్యునే యడుగవచ్చును. కాని వైద్యుడు మాంసమే కావలెనన్నపుడు, నా యింటి మడి చెడునని దానిని గృశింపజేయుట యధర్మమే యని నా నిశ్చితాభిప్రాయము. వ్రతఫలము వ్రతిది, దాని కష్టమును వ్రతిదే కావలెను. క్షామమున బ్రాణరక్షణార్థము కుక్కతొడను గైకొనబూనిన విశ్వామిత్రుని శాంతిపర్వము దూషింపలేదు. ఋషి ప్రాణమునకు శాస్త్రము చూపిన సడలింపును గుక్క ప్రాణమునకు మనము చూపలేమా? తన చేత వండ మనసొప్పనివారు పొరుగువారిని వండిపెట్టు మనవచ్చును. ఇరుగుపొరుగున బీహారీలు, బెంగాలీలు, ఒడియావారు, సంతాలులు నుండు నీ నగరమున నట్టి సహాయము దుర్లభము గాదు.

నన్నయభట్టు తన భారతమున గథారంభమున దేవతల కుక్కయైన సరమ వృత్తాంతమును నిలిపినాడు. ఏ తప్పును జేయని తన పిల్లను జనమేజయుని తమ్ములు కొట్టిరని, ఆ దేవశుని రాజసభకు వచ్చి నిలదీసి, యుక్తాయుక్త విచారణ లేనివారికి దలంపని భయములు వచ్చునని చెప్పి పోయెను. చక్రవర్తి దిగులుపడి పురోహితుని వెదకికొనవలసివచ్చెను. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట నడచిన కుక్కనే మనము తలచుకొందుము గాని, సరమ పలుకు గృహస్థునకు మఱింత యక్కఱకు వచ్చును. స్వర్గద్వారమున గుక్కను విడువకుండుట యేనాటికో వచ్చు పరీక్ష, వంటయింటి గడపయొద్ద దానికి దగినదేదో విచారించుట నిత్యము వచ్చునది.

కావున బారిడీహ్‌లోని మన గృహిణులకు నొక మనవి. ఛఠ్ పండుగకు బొరుగువారు భక్తితో దెచ్చియిచ్చు ఠేకువాను గన్నుల కద్దుకొని మీరు తినుడు; నేయి, బెల్లము, ఒక్కొకయెడ నెండుద్రాక్ష గల దానిని గుక్కకు బెట్టకుడు. వాంతులు పలుమాఱులైనను, మలమున రక్తము గానవచ్చినను, కడుపుబ్బినను, మెడపై చర్మమును బట్టి విడిచినపుడు త్వరగా మునుపటివలె సర్దుకొనకున్నను, టీకాలు పూర్తిగాని కూన యైనను, తెల్లవాఱువఱకు జూత మనక, మనుష్యుల మాత్రలేవియు దాని నోట వేయక, పశువైద్యునియొద్దకు గొనిపొండు. మ్రొక్కు దారిలో మ్రొక్కుకొనవచ్చును.